డాక్టరమ్మ ఫియట్ హారన్

హారన్ మోగలేదు.

సువర్ణరాజు బొటనవేలితో నొక్కాడు. అరచేత్తో నొక్కాడు. ఆఖరికి పిడికిలితో గుద్దాడు కూడా. కొత్త స్టీరింగు నల్లగా నిగనిగలాడుతూ కూర్చుందే తప్ప, బానెట్టు కిందనుంచి కుయ్యి లేదు, కయ్యి లేదు. బూతు ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది వాడికి. షెడ్డులో మేస్త్రి ఉన్నాడని గుర్తొచ్చి మింగేశాడు.

నేను పక్క షెడ్డువాణ్ణి. పేరు వీరభద్రం. కార్లకి సీట్లు కుడతాను. విజయవాడ ఆటోనగర్లో మా షెడ్డుకీ దస్తగిరి మేస్త్రి షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ, దానికీ చిల్లులే. అక్కడ ఎవరన్నా తుమ్మితే ఇక్కడ నేను చిరంజీవ అంటాను. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు, కళ్ళారా చూసిందే.

దస్తగిరి మేస్త్రి పాత బళ్ళు తప్ప ముట్టుకోడు. కొత్త బండి తెచ్చినవాళ్ళకి రోడ్డు అవతల షెడ్డు చూపిస్తాడు. మనిషి సన్నగా, గడ్డం తెల్లగా, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటాడు. ఆయన మెడలో తాయెత్తు లేదు గానీ ఒక టెస్టు ల్యాంపు ఎప్పుడూ వేలాడుతుంటుంది. చిన్న బల్బు, రెండు వైర్లు. ఒక వైరు కొసకి క్లిప్పు, ఇంకోదానికి సూది. కరెంటు ఎందాకా వచ్చిందో, ఎక్కడ తెగిందో ఆ బల్బు వెలిగి చెబుతుంది. ఆయన కట్టుకున్నదే అది, అంగట్లో కొన్నది కాదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. పని నేర్చుకున్నవాడు సొంతంగా షెడ్డు పెట్టుకోబోయే ముందు, మేస్త్రి తన మెడలోంచి ల్యాంపు తీసి వాడి మెడలో వేస్తాడు. దండలూ శాలువాలూ ఏం ఉండవు. మర్నాడు పొద్దున్నే కూర్చుని తనకి ఇంకోటి కట్టుకుంటాడు. అంతే. ల్యాంపు లేకుండా షెడ్డు తెరిస్తే పోలీసులేం పట్టుకుపోరు. కానీ పాత బండి ఉన్న ప్రతివాడూ ముందు అడిగే మాట ఒకటే, మేస్త్రి ల్యాంపు ఇచ్చాడా అని. లేదంటే బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోతాడు.

సువర్ణరాజు నూనూగు మీసాలప్పుడు ఆ షెడ్డుకొచ్చాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. వాడి చేతులు బంగారం అని ఆటోనగరంతా అంటుంది, మేస్త్రి ఒక్కడూ తప్ప. హారన్ మోగని ఆ రోజుకి మర్నాడు పొద్దునే వాడి సొంత షెడ్డుకి ప్రార్థన. పాస్టరు గారు వస్తున్నారు, షామియానా కట్టారు, 'సువర్ణరాజు ఆటో వర్క్స్' అని బోర్డు రాసి నిలబెట్టారు. ల్యాంపు మాత్రం ఇంకా మేస్త్రి మెడలోనే ఉంది.

"ఇంక నాలుగు రోజులే మేస్త్రీ, ఇంక రెండు రోజులే మేస్త్రీ," అని వాడు రోజుకోసారి గుర్తుచేస్తూనే ఉన్నాడు పాపం.

"ఊఁ," అనేవాడు ఈయన.

ఆ రోజు పొద్దున మాత్రం ఒక మాట ఎక్కువ అన్నాడు. షెడ్డు ముందు నిలబడ్డ క్రీము రంగు ఫియట్‌ని చూపించి, "ఇది చేసిచ్చి వెళ్ళు," అన్నాడు. సువర్ణరాజు ముఖం వెలిగిపోయింది. ఇదే ఆఖరి పని, ఇది కాగానే ల్యాంపు మెడలో పడుతుందని వాడి లెక్క. నా లెక్కా అదే.

ఆ ఫియట్ డాక్టర్ మంగతాయారు గారిది. ప్రసూతి డాక్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఆవిడ రెండు కాన్పులూ ఆవిడ చేతిమీదే. ఏ వేళప్పుడు కబురొచ్చినా ఆ బండి తానే నడుపుకుంటూ వెళ్ళేవారు, ఇప్పటికీ డ్రైవర్ని పెట్టుకోలేదు. పాత స్టీరింగు పగిలితే దానికి ఆస్పత్రి ప్లాస్టరు చుట్టి నడిపారు. బొటనవేళ్ళ కీళ్ళు నొప్పెడుతున్నాయని, మేనల్లుడు మెత్తగా లావుగా ఉండే చిన్న స్టీరింగు ఒకటి తెచ్చిచ్చాడట. అది పాత బండికి పుట్టింది కాదు, బజారు సరుకు.

"మేస్త్రీ, ఇదిగో నా పేషెంటు. బ్రేకులు కూడా ఓసారి చూడండి," అని తాళాలిచ్చి, సువర్ణరాజు వైపు తిరిగారు.

"నాయనా, నీకొక్క మాట చెప్తాను విను. మా సందులో బడి ఉంది. బెల్లు కొడితే పిల్లలు గేటులోంచి వస్తారో, గోడ దూకి వస్తారో ఆ దేవుడికే తెలియాలి. మొన్న ఒకడు బంతి పట్టుకుందామని పైకి చూస్తూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ నా బండికి అడ్డంగా వచ్చేశాడు. వాడి వీపే గానీ ముఖం కనపడలేదు నాకు. హారన్ విని పక్కకి దూకాడు కాబట్టి బతికాడు. నా మోకాలు ఇదివరకట్లా లేదు, బ్రేకు మీదికి కాలు కాస్త ఆలస్యంగా పోతోంది. చెయ్యి మాత్రం చురుగ్గానే ఉంది. నీకు పుణ్యముంటుంది, స్టీరింగు మార్చు గానీ నా హారన్ మాత్రం పోగొట్టకు. అది లేకపోతే నేను బండి తియ్యను."

"సాయంత్రానికి రండమ్మా. మీరు చూసుకోనక్కర్లేదు," అన్నాడు సువర్ణరాజు.

ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. మేస్త్రి గోనెపట్టా పరుచుకుని బ్రేకుల పనికి కూర్చున్నాడు. సువర్ణరాజు పాత స్టీరింగు ఊడదీసి, అల్యూమినియం ముక్క ఒకటి దాని కింది కడ్డీకి బిగించి, దాని మీద కొత్త స్టీరింగు కూర్చోబెట్టాడు. నడిమధ్య గుంటలోకి హారన్ బటన్ నొక్కి దించాడు. ఎంత ముచ్చటగా బిగించాడో! నేనే లేచివెళ్ళి దాని తోలు తడిమి చూసొచ్చాను.

అయితే ముందే చెప్పాను కదా, మోగలేదు.

వాడు హారన్ని నేరుగా బ్యాటరీకి కలిపి చూశాడు. గోడలదిరేట్టు మోగింది. ఫ్యూజు చూశాడు, రిలే చూశాడు. కడ్డీలోంచి పైకొచ్చే వైరు చూశాడు, కరెంటు ఉంది. బటన్ విప్పి విడిగా చూశాడు, అదీ మంచిదే. మళ్ళీ అన్నీ బిగించి నొక్కితే చడీ చప్పుడూ లేదు.

"మేస్త్రీ, హారన్ మంచిది, వైరు మంచిది, బటన్ మంచిది. అయినా మోగట్లా."

బండి కిందనుంచి మేస్త్రి గొంతు వచ్చింది. "అన్నీ మంచివైతే మోగాలి కదరా."

"ఈ బజారు స్టీరింగు దరిద్రం మేస్త్రీ ఇది. మన తప్పేం లేదు."

ఈసారి కిందనుంచి స్పానరు చప్పుడు తప్ప ఇంకేం రాలేదు.

మధ్యాహ్నమైంది. సువర్ణరాజుకి ఫోన్ మీద ఫోన్. కుర్చీలు సరిపోవంటాడొకడు, మైకు ఎక్కడ పెట్టాలంటాడొకడు. వాడి కాలు ఒక చోట నిలవడంలేదు. మధ్యమధ్యలో మేస్త్రి మెడకేసి చూసేవాడు. ఆయన వంగినప్పుడల్లా ఆ ల్యాంపు అటూ ఇటూ ఊగుతోంది. అది చూస్తుంటే నాకే జాలేసింది. ఇన్నేళ్ళు చాకిరీ చేసినవాడికి అది ఇవ్వడానికి ఈ పెద్దమనిషికి చెయ్యెందుకు రాదో అని లోపల తిట్టుకున్నాను కూడా.

ఆఖరికి సువర్ణరాజు డబ్బాలోంచి ఇంటి కాలింగ్ బెల్ స్విచ్చు ఒకటి తీశాడు. మా దగ్గర ఇది మామూలే లెండి. స్టీరింగులో హారన్ చెడిపోతే దాని జోలికి పోకుండా, డాష్‌బోర్డు కింద బెల్ స్విచ్చు బిగించి వైరు అక్కడికి లాగేస్తారు. చూస్తుండగానే కుడి మోకాలి పక్కన బిగించేశాడు. నొక్కగానే భోంయ్‌మని మోగింది.

"చూశావా బాబాయ్!" అన్నాడు రేకు చిల్లులోంచి నాతో.

నిజం చెప్పొద్దూ, నాకూ బానే ఉందనిపించింది.

మేస్త్రి బ్రేకుల పని ముగించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. డ్రైవరు సీటులో కూర్చున్నాడు. అరచెయ్యి స్టీరింగు మధ్యలో ఆనించి నొక్కాడు. బండి మూగగా ఉంది.

"అక్కడ కాదు మేస్త్రీ. కిందకి చూడండి, మోకాలి పక్కన."

మేస్త్రి వంగి వెతుక్కుని నొక్కాడు. మోగింది. లేచి నిటారుగా కూర్చున్నాడు. మళ్ళీ వంగాడు, మళ్ళీ నొక్కాడు. మోగింది.

"డాక్టరమ్మగారికి నేను చెప్తాను. నాలుగు రోజులు నడిపితే అదే అలవాటైపోద్ది," అన్నాడు సువర్ణరాజు. ఈయన మళ్ళీ వంగి ఆ స్విచ్చు వంకే చూసేసరికి వాడికి ఉక్రోషం వచ్చింది. "ఆటోనగర్లో సగం పాత బళ్ళకి ఇట్టాగే ఉంది మేస్త్రీ. మీరు ఊళ్ళో లేనప్పుడు నేనే వేసి పంపాను ఒకరిద్దరికి. ఒక్కడంటే ఒక్కడు తిరిగొచ్చి అడగలా. హారన్ అంటే మోగాలి. మోగుతోంది. ఇంకేం కావాలి దానికి?"

అది అడగడమో, తేల్చి చెప్పడమో నాకు తెలియలేదు. ఆ గొంతులో మాత్రం రేపటి షెడ్డు యజమాని ఉన్నాడు.

మేస్త్రి బండి దిగాడు.

"బయటికి తియ్యి. చూద్దాం," అని తాను ముందుగా సందులోకి నడిచాడు.

మా సందు ఇరుకు. ఒక పక్కన టైర్లు ఊడదీసిన లారీ ఒకటి ఎప్పటినుంచో పడి ఉంది. మేస్త్రి దాని వెనక్కి వెళ్ళాడు. టీ తాగడానికి పోతున్నాడనుకున్నాను. సువర్ణరాజు బండి స్టార్టు చేసి, రయ్యిమని షెడ్డులోంచి బయటికి తీసి, సందులోకి తిప్పాడు. కొత్త స్టీరింగు వాడి చేతుల్లో ఎంతో తేలిగ్గా తిరిగింది. గేరు మార్చి కాస్త వేగం పెంచాడు.

లారీ చాటునుంచి మేస్త్రి వచ్చాడు. ముఖం ఇటు లేదు. తలెత్తి పైకి చూస్తూ, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ, సరిగ్గా బండి దారిలోకి వచ్చేశాడు.

సువర్ణరాజు చెయ్యి లేచింది. స్టీరింగు నడిమధ్య దబదబా కొట్టాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. మెత్తటి తోలు మీద చెయ్యి పడుతున్న చప్పుడు, అంతకుమించి ఏమీ లేదు. తర్వాత బ్రేకు కీచుమంది. బండి ముక్కు నేలకి వంగి లేచి ఆగింది. ముందు బంపరు మేస్త్రి లుంగీని తాకింది. ఆయన ఒళ్ళు కదల్లేదు.

నేను చేతిలో కత్తెర అక్కడే పడేసి పరిగెత్తాను.

సువర్ణరాజు తలుపు తోసుకుని దిగాడు. "మతుందా మీకు? చచ్చిపోయేవాళ్ళు! నా చేతుల్లో చచ్చిపోయేవాళ్ళు మేస్త్రీ!" అని అరిచాడు. ఇన్నేళ్ళలో వాడు ఆయన ముందు గొంతెత్తగా నేను వినలేదు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నాకూ ఒళ్ళు మండిపోయింది, ముసలాడివి, నీకిదేం పోయేకాలమయ్యా అని నాలుగు దులిపేద్దామనుకున్నాను.

మేస్త్రి నెమ్మదిగా ఇటు తిరిగాడు.

"బ్రేకులు నేను చూశాను కదరా. ఆ ధైర్యంతో నిలబడ్డాను," అన్నాడు. తర్వాత వాడి కుడిచేతి వంక చూసి అడిగాడు.

"చెయ్యి ఎక్కడికెళ్ళింది?"

సువర్ణరాజు తన అరచెయ్యి చూసుకున్నాడు. కొట్టిన చోట ఎర్రగా కందింది. ఆ స్విచ్చు బిగించి గంట కూడా కాలేదు, బిగించింది వాడే. మేస్త్రి జవాబు కోసం ఆగలేదు. వెళ్ళి తన స్టూలు మీద కూర్చుని, ఎవరిదో పాత కార్బరేటరు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

నేను దులపాల్సిన నాలుగూ దులపకుండానే నా షెడ్డుకి వచ్చేశాను.

సువర్ణరాజు బండి లోపలికి తీశాడు. ముందు ఆ బెల్ స్విచ్చు ఊడబీకాడు. ఫోన్ మోగుతుంటే తీసి, చూడకుండానే ఆపి పక్కన పెట్టాడు. స్టీరింగు మళ్ళీ మొదటికి విప్పాడు. షెడ్డులో అందరూ వాడే టెస్టు ల్యాంపు తెచ్చి, క్లిప్పు బ్యాటరీకి తగిలించి, సూది పట్టుకుని ఒక్కో చోటే ముట్టిస్తూ వచ్చాడు.

బండి ఒంటికి ముట్టిస్తే వెలిగింది. స్టీరింగు కడ్డీకి ముట్టిస్తే వెలిగింది. అల్యూమినియం ముక్కకీ వెలిగింది. కొత్త స్టీరింగు పుల్లకి, అంటే మధ్యనుంచి చక్రం అంచుకి పోయే ఇనప కమ్మీకి, ముట్టించాడు. వెలగలేదు.

వాడు అక్కడే ఆగిపోయాడు. నేను చిల్లులోంచి చూస్తూనే ఉన్నాను.

నాకు తర్వాత వాడే చెప్పాడు. హారన్ బటన్‌కి రెండు వైర్లు కావాలట. ఒకటి కరెంటు తెస్తుంది. ఇంకోటి బండి ఒంటికి తగలాలి, దాన్నే ఎర్తు అంటారు. పాత స్టీరింగులో ఇనుముకి ఇనుము తగిలి ఆ పని దానంతటదే అయిపోయేది, ఎవరూ పట్టించుకునే పనుండేది కాదు. కొత్తదాని రెండో వైరుని వీడు స్టీరింగు పుల్లకే స్క్రూ వేసి బిగించాడు. ఇనుమే కదా, చాలనుకున్నాడు. కానీ ఆ పుల్ల కింద రబ్బరు రింగు ఉంది. బోల్టులకి ప్లాస్టిక్ తొడుగులున్నాయి. అది చూడ్డానికి బండిలో ఉంది గానీ బండికి ఎక్కడా తగల్లేదు.

"ఇంతేనా!" అన్నాను నేను.

"ఇంతే బాబాయ్," అన్నాడు. నవ్వలేదు.

అల్యూమినియం ముక్క మీద నల్లరంగు కాస్త గోకి, తెల్లగా లోహం కనపడేదాకా రుద్దాడు. జానెడు కూడా లేని వైరు ముక్క తీసి, ఆ రెండో వైరుని అక్కడికి దింపి బిగించాడు. సూది మళ్ళీ ముట్టించి చూశాడు. వెలిగింది. అన్నీ బిగించి, బటన్ నొక్కేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. వాడి దేవుణ్ణి తలుచుకున్నాడేమో.

హారన్ మోగింది. టీ కొట్టు ముందు పడుకున్న కుక్క లేచి ఇటు చూసింది.

మేస్త్రి కార్బరేటరు పక్కన పెట్టి లేచాడు. సందులోకి నడిచాడు. ఇందాక నిలబడ్డ చోటికే వెళ్ళి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

"వద్దు మేస్త్రీ," అన్నాడు సువర్ణరాజు గొణుగుతున్నట్టు. ఆయనకి వినపడిందో లేదో, కదల్లేదు.

వాడు బండి ఎక్కాడు. బయటికి తీసి, సందులోకి తిప్పి, వస్తున్నాడు. ఈసారి నాకు చూడబుద్ధి కాలేదు గానీ కళ్ళు మూతపడవే! అల్లంత దూరంలో ఉండగానే వాడి అరచెయ్యి స్టీరింగు మధ్యకి వెళ్ళింది. హారన్ మోగింది. మేస్త్రి రోడ్డు మీద ఎవరి బండికైనా తప్పుకున్నట్టే పక్కకి తప్పుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అట్లాగే టీ కొట్టుకి వెళ్ళిపోయాడు.

సువర్ణరాజు బండి ఆపి, స్టీరింగు మీద తల ఆనించాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చారు. సీటులో సర్దుకుని కూర్చుంటూనే, మాతో ఏదో మాట్లాడుతూనే, చూడకుండానే చెయ్యి మధ్యలోకి పోనిచ్చి నొక్కారు. మోగింది.

"హమ్మయ్య! ఇంక మా సందులోకి ధైర్యంగా పోతాను," అన్నారు. మలుపు దగ్గర పళ్ళ బండి అడ్డొస్తే ఒకసారి కొట్టి, తిరిగి వెళ్ళిపోయారు.

సువర్ణరాజు సర్ఫు పొడితో చేతులు రుద్దుకుంటున్నాడు. ఎంతసేపు రుద్దుతాడో అర్థం కాలేదు నాకు, చేతులు ఎప్పుడో తెల్లబడ్డాయి.

"పొద్దున ప్రార్థన ఎన్నింటికిరా?" అని అడిగాడు మేస్త్రి. ఆయనంతట ఆయన ఆ ఊసెత్తడం అదే మొదలు.

ఇచ్చేస్తాడు, ఇప్పుడు ఇచ్చేస్తాడు అనుకున్నాను.

సువర్ణరాజు చేతులు కడుక్కుని లేచాడు. "రేపు లేదు మేస్త్రీ. పాస్టరు గారికి ఫోన్ చేసి చెప్పాను."

"ఏం?"

వాడు తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "ఇందాక ఒకరిద్దరన్నాను గానీ, అంతకంటే ఎక్కువే. మీకు తెలియకుండా వేశాను ఆ స్విచ్చులు. గుడివాడలో అంబాసిడర్ ఒకటుంది. నూజివీడు ఫియట్ ఉంది. మచిలీపట్నం మాస్టారిది ఒకటి, ఆయన మనవరాలిని బడికి దింపుతాడు." "వాళ్ళ చెయ్యి కూడా అక్కడికే పోద్ది కదా మేస్త్రీ."

బోర్డు నిలబెట్టి, పందిరి వేసి, చుట్టాలందర్నీ పిలుచుకున్నవాడు. "ఏరా, శుభమా అని పనిపెట్టుకుని ఇదేం మాటరా? వాళ్ళేం పారిపోతారా? ఆదివారం పోయి చేసిరారాదూ?" అన్నాను ఉండబట్టలేక.

వాడు నా వైపు తిరిగాడు. "ఆదివారం దాకా వాళ్ళు బళ్ళు తియ్యకుండా ఉంటారా బాబాయ్?"

వాడు మళ్ళీ మేస్త్రి వైపు తిరిగాడు.

"పొద్దున మొదటి బస్సుకి గుడివాడ వెళ్తాను మేస్త్రీ. అన్నీ తీసి, సరిగ్గా కట్టి వస్తాను. షెడ్డు సంగతి తర్వాత. మీరు ఎప్పుడంటే అప్పుడు. అసలు వద్దంటే వద్దు," అని, సంచీలో స్పానర్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేస్త్రి మెడకేసి చూడలేదు. ఆ రోజుకి వాడు అటు చూడకపోవడం అదే మొదటిసారి.

వాడు సంచీ భుజాన వేసుకుని, "వెళ్ళొస్తాను మేస్త్రీ," అన్నాక, మేస్త్రి తన మెడలోంచి ల్యాంపు తీశాడు. చొక్కా అంచుతో బల్బు తుడిచాడు.

"ఉత్త చేతులతో వెళ్తావట్రా?" అన్నాడు. "ఎక్కడ తెగిందో ఎట్టా కనపడుద్ది నీకు?"

సువర్ణరాజు తల వంచాడు. ఆయన దాన్ని వాడి మెడలో వేశాడు.

మర్నాడు పొద్దున నేను షెడ్డు తెరిచేసరికి పక్కన అలికిడైంది. చిల్లులోంచి చూశాను. దస్తగిరి మేస్త్రి స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, కొత్త ల్యాంపు కట్టుకుంటున్నాడు.